రేణిగుంట రోడ్డులో బోర్డు లేని షట్టర్: ఐ.ఎస్. వైరింగ్ పని ఎలా చేశారంటే

గాజులమండ్యం, ఏర్పేడు, శ్రీకాళహస్తి వైపు ఫ్యాక్టరీల్లో ఇన్‌స్ట్రుమెంట్ పని చూసేవాళ్ళు ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా నాకు ఫోన్ చేసి ఒకటే అడుగుతారు. "మేడమ్, ఐ.ఎస్. వైరింగ్ తెలిసినవాళ్ళు తిరుపతిలో ఉన్నారా, చెన్నై నుంచే పిలిపించాలా?" ఐ.ఎస్. అంటే ఇంట్రిన్సిక్ సేఫ్టీ, మండే ఆవిరి ఉండే చోట అది అంటుకోకుండా వేసే వైరింగ్. పోయిన మే వరకూ చెన్నై అనే చెప్పేదాన్ని. ఇప్పుడు అలా చెప్పడం లేదు. ఎందుకో ప్రతివాళ్ళకీ ఫోన్లో అరగంట చెప్పలేక ఒకేసారి రాసి పెడుతున్నాను.

నేను చెప్పబోయేవాళ్ళ షాపుకు బోర్డు లేదు. రేణిగుంట రోడ్డులో లారీల పంక్చర్ షాపు దాటాక ఒక షట్టర్, లోపల కేబుల్ డ్రమ్ములు, ఒక టేబుల్, ఒక ఫ్యాన్. యజమానికి యాభై దాటి ఉంటాయి. ఆయన, ఆయన కొడుకు, ఇంకో నలుగురు కుర్రాళ్ళు. పేరు రాయడం లేదు. ఉన్న పనికే తేదీలు దొరకడం లేదు, నేను పేరు రాస్తే నా పనే వెనక్కి పోతుంది. కావాలంటే ఆ రోడ్డులో పంక్చర్ షాపు దగ్గర అడగండి, ఎవరైనా చెప్తారు.

మాది మందుల ముడిసరుకు తయారుచేసే కంపెనీ. టోలుయీన్, మిథనాల్ ట్యాంకులు ఒకవైపు. హైడ్రోజన్ వాడే హైడ్రోజనేషన్ బ్లాకు ఇంకోవైపు. మొత్తం 31 లూపులు (ఒక్కో పరికరం నుంచి కంట్రోల్ రూమ్ దాకా వెళ్ళే తీగల జత ఒక లూపు): ట్యాంకుల దగ్గర 22, హైడ్రోజనేషన్‌లో 9. లెవెల్, ప్రెషర్, టెంపరేచర్ ట్రాన్స్‌మిటర్లు, వాల్వు తెరుచుకుందా మూసుకుందా చెప్పే సెన్సర్లు. పాత వైరింగంతా విప్పి, మళ్ళీ వేసి, కాగితాలతో సహా అప్పజెప్పాలి. షట్‌డౌన్ పన్నెండు రోజులు.

ఈ పని తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. టోలుయీన్ 4 డిగ్రీల దగ్గరే మండే ఆవిరి వదులుతుంది. మన దగ్గర మే నెల ఎండ 40 దాటుతుంది. అంటే ట్యాంకు మూత దగ్గర ఎప్పుడూ ఏదో ఒకటి పొంచి ఉన్నట్టే. హైడ్రోజన్ ఇంకా మొండిది. అంటుకోవడానికి దానికి 20 మైక్రోజౌళ్ళ నిప్పురవ్వ చాలు. తిరుమలలో చలికి వేసుకున్న స్వెట్టర్ గదికొచ్చి విప్పేటప్పుడు చిటపట అంటుందే, ఆ రవ్వ కూడా దానికి ఎక్కువే. ఐ.ఎస్. అంటే, ఆ చోటికి వెళ్ళే తీగలో కరెంటును ఎంత నీరసంగా ఉంచుతామంటే, తీగ తెగినా, రెండు తీగలు తగులుకున్నా, పరికరం లోపల ఏదైనా పాడైనా అంటించేంత రవ్వ రాదు. ఐఏ అని ముద్ర ఉంటే రెండు లోపాలు ఒకేసారి వచ్చినా తట్టుకుంటుంది, ట్యాంకు లోపలి జోన్ 0కి, అంటే మండే ఆవిరి ఎప్పుడూ ఉండే చోటికి, అదే కావాలి. పేలకుండా బలమైన పెట్టెలో మూసే పద్ధతి వేరు. ఇది అంటించేంత రవ్వే పుట్టకుండా చూసే పద్ధతి.

ఈ ఆలోచన పుట్టింది బొగ్గు గనుల్లో. 1913 అక్టోబరులో వేల్స్‌లోని సెంగెనిడ్ గనిలో పేలుడు జరిగి 439 మంది గని కార్మికులు పోయారు. గనిలో సైగల కోసం మోగించే కరెంటు గంట తీగల రవ్వ మీద అనుమానం వచ్చింది. అప్పటిదాకా ఇంత చిన్న బ్యాటరీ ఏం చేస్తుందిలే అనే అనుకునేవాళ్ళు. మా ట్రైనీలకు మొదటిరోజు ఇదే చెప్తాను. రెండోరోజుకు మర్చిపోతారు, అది వేరే సంగతి.

ఇక మా పాత వైరింగ్. ఏడేళ్ళ కిందట వేరే కాంట్రాక్టరు చేసినది. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. అన్నీ ఐ.ఎస్. గుర్తయిన లేత నీలం కేబుళ్ళు, నీలం గ్లాండ్లు (కేబుల్ బాక్సులోకి దూరే చోట పెట్టే బిగింపులు), ట్రే మీద నీలం గీత. లోపల మాత్రం కథ వేరు. టోలుయీన్ ట్రాన్స్‌ఫర్ పంపు ఆన్ చేసిన ప్రతిసారీ పక్క ట్యాంకు లెవెల్ 4 శాతం ఎగిరి మళ్ళీ కిందికొచ్చేది. ఆపరేటర్లకు అలవాటై "పంపు తుమ్మింది" అనేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. నవ్వాల్సిన విషయం కాదని తర్వాత తెలిసింది.

మొదటిరోజు రేణిగుంట రోడ్డు ఆయన పని మొదలుపెట్టలేదు, చూశాడు. ట్యాంకుల దగ్గర మూడో జంక్షన్ బాక్సు మూత స్క్రూలు నాలుగూ విప్పి, చొక్కా జేబులోంచి చిన్న పొడుంకాయ డబ్బా తీసి అందులో వేసుకున్నాడు. తర్వాత అదే జేబులోంచి బడి పిల్లలు వాడే 15 సెంటీమీటర్ల ప్లాస్టిక్ స్కేలు తీశాడు. బాక్సులో నీలం టెర్మినళ్ళ వరస ఒకటి, దాని పక్కనే కరెంటుతో పనిచేసే సాలినాయిడ్ వాల్వుకు వెళ్ళే మామూలు టెర్మినళ్ళ వరస ఒకటి. రెంటి మధ్య స్కేలు పెట్టి కళ్ళద్దాలు పైకి జరిపి చూశాడు.

"38 ఉండాది మేడమ్. 50 ఉండాల. 12 తక్కువ."

ఐ.ఎస్. టెర్మినళ్ళకూ మామూలు టెర్మినళ్ళకూ మధ్య 50 మిల్లీమీటర్లు ఉండాలి, లేదా మధ్యలో అడ్డుపలక పెట్టాలి. ఒక మామూలు తీగ ఊడి పక్కకు పడినా నీలం తీగను తాకకూడదని. ఏడేళ్ళుగా నేను ఆ మూత కనీసం ఇరవైసార్లు తీసి ఉంటాను. స్కేలు పెట్టాలని ఒక్కసారీ తోచలేదు.

తర్వాత షీల్డు. కేబుల్ చుట్టూ ఉండే షీల్డును ఒక్కచోటే ఎర్త్ చేయాలి, మామూలుగా కంట్రోల్ రూమ్ ప్యానెల్ దగ్గర. మా పాతాయన రెండు చివరలా చేసి పెట్టాడు. రెండు చోట్లా ఎర్త్ సరిగ్గా ఒకేలా ఉండదు కదా, ఆ తేడా షీల్డులో కరెంటుగా తిరుగుతుంది. పంపు తుమ్ముకు కారణం అదే. ప్రమాదం అంతకన్నా పెద్దది. తీగలోకి వెళ్ళే కరెంటును అదుపులో పెట్టడానికి ప్యానెల్‌లో బ్యారియర్ అనే పరికరం ఉంటుంది, ఆ తిరిగే కరెంటు ఏ బ్యారియర్ అదుపులోనూ ఉండదు. ఈయన కొడుకు ఫీల్డు వైపు, అంటే పరికరాల వైపు చివరలన్నీ కత్తిరించి, స్లీవ్ తొడిగి, హీట్ గన్ అక్కడ వాడకూడదు కాబట్టి చేత్తోనే బిగించి కట్టాడు. వాడని కోర్లు (కేబుల్ లోపలి విడి తీగలు) పాత బాక్సుల్లో ముద్దగా మెలిపెట్టి నల్ల టేపు చుట్టి ఉండేవి. ఇప్పుడు ప్రతి ఖాళీ కోర్‌కూ సొంత టెర్మినల్ ఉంది, నంబరు ఉంది.

ఈ మధ్యలో మా వాళ్ళు ఒక పంచాయితీ పెట్టారు: జీనర్ బ్యారియర్లే ఉంచాలా, ఐసొలేటర్లు (రెండు వైపుల సర్క్యూట్లనూ విడదీసి ఉంచే బ్యారియర్లు) కొనాలా. ఐసొలేటర్ ధర మాకు రెండున్నర రెట్లు పడింది కాబట్టి పర్చేజ్ వాళ్ళకు కడుపు నొప్పి. ఆయన వాదన ఏమీ పెట్టలేదు, కాగితం మీద వోల్టుల తీసివేతలు వేశాడు. సప్లై 24. జీనర్ బ్యారియర్‌లో ఫ్యూజుతో కలిపి 340 ఓములు, 20 మిల్లీ ఆంపియర్ల దగ్గర అది 6.8 వోల్టులు తింటుంది. కంట్రోల్ రూమ్‌లో సిగ్నల్ అందుకునే కార్డు దగ్గర 250 ఓముల రెసిస్టర్ 5 వోల్టులు తింటుంది. మిగిలింది 12.2. మా ట్రాన్స్‌మిటర్‌కు కనీసం 12 కావాలి. సప్లై ఒక్క వోల్టు పడిపోతే రీడింగ్ పైన ఎక్కడో ఇరుక్కుని కూర్చుంటుంది, ట్యాంకు నిండుతున్నా కనపడదు. వేసవి మధ్యాహ్నాల్లో మాకు అచ్చంగా అదే జరిగేది. ట్రాన్స్‌మిటర్ పాడైందనుకుని రెండు మార్చాం కూడా.

చివరికి హైడ్రోజనేషన్ 9కీ, ట్యాంకుల్లో 10కీ ఐసొలేటర్లు. మిగతా 12కి జీనర్లే. జీనర్లకు మంచి ఎర్త్ లేకపోతే అవి ఉన్నా లేనట్టే. అదనంగా వచ్చిన వోల్టేజిని అవి ఎర్త్‌లోకే తోస్తాయి మరి. బ్యారియర్ ఎర్త్ బార్ నుంచి మెయిన్ ఎర్త్ దాకా 1 ఓము లోపు ఉండాలి. మాది కొలిస్తే 2.7. తుప్పు పట్టిన ఒక బోల్టు వల్ల. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలు రెండు విడివిడిగా లాగాడు. ఇప్పుడు 0.4. రెండు ఎందుకన్నా, ఒకటి చాలుగా అన్నాను. "ఒకటి విప్పి కొలిచేటప్పుడు ఇంకోటి పట్టుకోని ఉండాల గదా మేడమ్" అన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. మంచి టెర్మినేషన్ (తీగల చివరలు బిగించే పని) చేసేవాళ్ళు చెన్నైలో చాలామంది ఉన్నారు, నా దగ్గర పనిచేశారు కూడా. ఈయన వేరుగా చేసింది లెక్క. ప్రతి లూపుకూ ఒక కాగితం. బ్యారియర్ ఇవ్వగల వోల్టేజి, కరెంటు, పవర్ పరికరం తట్టుకోగలిగినదానికి మించకూడదు. పరికరం, కేబుల్ రెండూ కలిపి కరెంటును దాచుకునే శక్తి (కెపాసిటెన్స్, దీన్ని ఫారడ్లలో కొలుస్తారు) బ్యారియర్‌కు అనుమతించినదానికి మించకూడదు. ఈ రెండోదాన్ని చాలామంది వదిలేస్తారు. కేబుల్ కూడా పొడుగైన కెపాసిటరేనని గుర్తుండదు.

మా హైడ్రోజనేషన్ బ్లాకు కంట్రోల్ రూమ్‌కు 310 మీటర్లు. హైడ్రోజన్ కాబట్టి గ్రూపు టూ సీ, అన్నిటికంటే కఠినమైనది. ఐసొలేటర్ 28 వోల్టులు, 93 మిల్లీ ఆంపియర్లు, దానికి అనుమతి 83 నానోఫారడ్లు. ప్రెషర్ ట్రాన్స్‌మిటర్ ఒక్కటే 27 తీసుకుంటుంది. కేబుల్ వివరాలు తెలియకపోతే మీటరుకు 200 పికోఫారడ్లు అనుకోవాలి, అంటే 310 మీటర్లకు 62 నానోఫారడ్లు. మొత్తం 89. ఆరు ఎక్కువ. రాత్రి ఎనిమిదింటికి నా టేబుల్ మీద ఆ కాగితం పెట్టి, ఎర్ర పెన్నుతో 89 చుట్టూ సున్నా చుట్టాడు.

నాకు టెన్షన్ పట్టుకుంది. మళ్ళీ కేబుల్ కొనాలా? ఆయన మర్నాడు పొద్దున డ్రమ్ములోంచి పది మీటర్లు కోసి, షాపు నుంచి కెపాసిటెన్స్ కొలిచే మీటరు తెప్పించి, కోర్‌కూ కోర్‌కూ మధ్య, కోర్‌కూ షీల్డుకూ మధ్య, ఒక కోర్‌ను షీల్డుకు కలిపి, ఇలా మార్చి మార్చి కొలిచాడు. వచ్చినవాటిలో పెద్దది తీసుకున్నాడు: మీటరుకు 118 పికోఫారడ్లు. అంటే 310 మీటర్లకు 37. 27తో కలిపితే 64. గట్టెక్కాం. ఆ పది మీటర్ల ముక్కకు చీటీ కట్టి నా అల్మారాలో పెట్టించాడు, ఎవరైనా అడిగితే చూపించమని.

రెండు లూపులు మాత్రం గట్టెక్కలేదు. హైడ్రోజన్ వాల్వు తెరిచి ఉందా మూసి ఉందా చెప్పే సెన్సర్లు. సర్టిఫికెట్‌లో 16 వోల్టులు దాటకూడదని ఉంది. పాత కాంట్రాక్టరు వాటికి కూడా అందరితో పాటు 28 వోల్టుల బ్యారియర్లే తగిలించాడు. సిగ్నల్ వస్తోంది కాబట్టి ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు. వాటికి సరిపడే స్విచ్ ఐసొలేటర్లు చెన్నై నుంచి రావడానికి ఆరు రోజులు పడుతుంది. షట్‌డౌన్ అయిపోయే రోజు దగ్గరికొచ్చింది. మా ప్రొడక్షన్ హెడ్ ప్యానెల్ రూమ్‌కు వచ్చి నిలబడ్డారు.

"ఇన్నాళ్ళూ ఇట్లే నడిచింది కదయ్యా?"

"నడిచింది సార్. సర్టిఫికెట్లో 16 అని ఉండాది, మనం 28 ఇస్తా ఉండాము. రేపు ఏమన్నా అయితే నేను ఏ కాగితం చూపించాల?"

"ఈ ఆరు రోజులకు ఇచ్చెయ్. వచ్చాక మారుద్దాం."

ఆయన ఇంకేం మాట్లాడలేదు. ఆ రెండు లూపుల తీగలూ ప్యానెల్ దగ్గర విప్పేసి, చివరలకు మూతలు తొడిగి, లెక్క కాగితం మీద "సరిపోలేదు, ఇవ్వలేదు" అని తెలుగులో రాసి సంతకం పెట్టి నా చేతికిచ్చాడు. ఇక నా వంతు. ఆ కాగితం మీద నేను కూడా సంతకం పెట్టి పైకి పంపాను. హైడ్రోజనేషన్ ఆరు రోజులు ఆలస్యంగా మొదలైంది. నాకు పడిన అక్షింతలు ఇక్కడ రాయను. బిల్లు ఇంకా చేతికి రాని కాంట్రాక్టరు అలా నిలబడటం నా పద్దెనిమిదేళ్ళ సర్వీసులో నేను చూడలేదు.

ఇక ఫిర్యాదులు. ఇవీ తక్కువేం కాదు.

మొదటిది, మల్టీమీటరు. ఐ.ఎస్. లూపులో సప్లై ఆపకుండానే పని చేయొచ్చు, అది ఈ పద్ధతిలో ఉన్న పెద్ద సుఖం. అయితే మనం తీసుకెళ్ళే మీటరు లోపల దాని సొంత బ్యాటరీ ఉంటుంది. దానికి కూడా సర్టిఫికెట్ ఉండాలి. కొడుకు మామూలు మీటరు పట్టుకుని మిథనాల్ ట్యాంకు ఎక్కబోతుంటే మా సేఫ్టీ ఆఫీసరు ఆపాడు. "లూపు ఐ.ఎస్. కదా అన్నా" అన్నాడు ఆ అబ్బాయి. తండ్రి అక్కడే ఉండి ఏమీ అనలేదు, అది నాకు నచ్చలేదు. చివరికి గ్యాస్ టెస్ట్ చేయించి, సున్నా చూపించాక, విడిగా పర్మిట్ ఇచ్చి ఆ మీటరుతోనే పని కానిచ్చాం. ఇంత లెక్క చేసే మనిషి ఒక సర్టిఫైడ్ మీటరు కొనుక్కోవాలి. ఖరీదే. అయినా కొనుక్కోవాలి.

రెండోది, గంగమ్మ జాతర. మే నెలలో తిరుపతిలో పని పెట్టుకోవడం నా తప్పే. కుర్రాళ్ళలో ఇద్దరు మూడు రోజులు కనపడలేదు. నాలుగోరోజు పొద్దున ఒకడు దొర వేషం గంధం సరిగ్గా కడుక్కోకుండానే గేటు దగ్గరికొచ్చాడు. చెవుల వెనక అంతా చందనం. సెక్యూరిటీవాడు నవ్వు ఆపుకోలేక ఆ అబ్బాయి గేట్ పాస్ మీద తన పేరే రాసేశాడు. ముచ్చటగానే ఉంది కానీ నా షెడ్యూలు పోయింది.

మూడోది ఇదే అసలైన లోపం: గ్లాండ్లు. నవంబరు వానలకు రెండు జంక్షన్ బాక్సుల్లో నీళ్ళు. విప్పి చూస్తే, సన్న కేబుల్‌కు పెద్ద సైజు గ్లాండు వేసి రబ్బరు రింగు పట్టకుండా వదిలేశారు. నలుగురు కుర్రాళ్ళలో ఎవరి పనో తెలియదు, చివరి రెండు రోజుల హడావుడిలో జరిగింది. ఫోన్ చేస్తే మర్నాడు మధ్యాహ్నానికి ఆయనే వచ్చాడు. ఆ రెండే కాదు, 14 బాక్సులూ విప్పి, ప్రతి గ్లాండునూ చేత్తో లాగి చూశాడు. ఇంకో మూడు దొరికాయి. డబ్బులు తీసుకోలేదు. క్యాంటీన్లో సంగటి, ఊరుబిండి పెట్టిస్తే తిని వెళ్ళాడు. తప్పు ఒప్పుకున్నందుకు మార్కులు వేస్తాను, తప్పు జరిగినందుకు తీసేస్తాను.

ట్యాగులు కూడా. బాక్సుల బయట అంటించే స్టిక్కర్లు వేశాడు. మార్చి ఎండకే సగం ఊడాయి. స్టీలు పలకలు మేమే కొట్టించుకున్నాం. డ్రాయింగులు చేతిరాతలో ఇచ్చాడు, కంప్యూటర్లో చేసినవి రావడానికి జూలై పట్టింది.

డబ్బు సంగతి. లేబర్, టెర్మినేషన్, టెస్టింగ్, లెక్క కాగితాలు కలిపి లూపుకు 3,800 తీసుకున్నాడు. మెటీరియల్ మాది. చెన్నై కొటేషన్ లూపుకు 3,100, ఉండటానికి, తిండికి వేరే. ఆ కొటేషన్‌లో లెక్క కాగితాల ఊసే లేదు. ఫోన్ చేసి అడిగితే "అది డిజైన్ వాళ్ళ పని మేడమ్" అన్నారు. అడ్వాన్స్ మాత్రం ఈయన నలభై శాతం అడుగుతాడు. మా అకౌంట్స్‌లో ముప్పై మించి ఇవ్వరు కాబట్టి రెండు వారాలు దాని మీదే గడిచాయి.

పదకొండు నెలలయింది. లెవెల్ ఎగరడం లేదు. పంపు తుమ్మడం మానేసింది. అక్టోబరు పిడుగులకు ట్యాంకుల వైపు మూడు జీనర్ బ్యారియర్లు పోయాయి. లోపల ఫ్యూజు పోతే వాటిని బాగుచేయడం కుదరదు, పారేసి కొత్తది పెట్టడమే. ఐసొలేటర్ ఒక్కటీ పోలేదు. పర్చేజ్ వాళ్ళకు ఆ మూడింటి బిల్లు నేనే స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చాను, కొంచెం సంతోషంగానే. పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) కాగితాల కోసం ఆడిట్‌కు వచ్చినాయన లెక్కల ఫైలు తిరగేసి, ఆ రెండు లూపుల దగ్గర ఆగాడు. తెలుగులో రాసిన "సరిపోలేదు, ఇవ్వలేదు" అంటే ఏమిటని అడిగాడు, ఆయనకు తెలుగు రాదు. చదివి చెప్పాను. కొత్త ఐసొలేటర్ల తర్వాతి కాగితం కూడా చూపించాను. పేజీ తిప్పాడు.

నా రేటింగ్ ఐదుకు నాలుగు. ఆ ఒకటి గ్లాండ్లకూ మల్టీమీటరుకూ కలిపి. రెండో దశలో సాల్వెంట్ రికవరీ వైపు 14 లూపులు ఉన్నాయి, అవీ వాళ్ళకే ఇచ్చాం. తేదీ మాత్రం ఈసారి జాతర అయ్యాకే పెట్టుకున్నాను.